ఇరుగుపొరుగుల ఈవి

అమెరికాలో మిషిగన్ రాష్ట్రమునకు పెద్ద నగరమైన డెట్రాయిట్‌లో, ఒకప్పుడు మోటారు కంపెనీల కొఱకు చిత్రములు తీసియిచ్చిన జామ్ హ్యాండీ అను పాత కట్టడమునందు, ఇండ్లనుండి ఊడదీసిన తలుపులను పాలసీసాల పెట్టెలపై అడ్డముగా పఱచి, వానినే భోజనపు బల్లలుగా జేసికొని, చుట్టును నేలపై కూర్చుండి జనులు సూపు త్రాగుచుండిరి. ద్వారమువద్ద తలకు అయిదు డాలర్లు చెల్లించినవారి కెల్లరకు ఒక గిన్నెడు సూపు, కొంచెము సలాడు, ఒక రొట్టెముక్క, వీనితోబాటు ఒక ఓటును లభించుచుండెను. మొదట నలుగురు మనుష్యులు ఒకరి తరువాత నొకరు లేచి, తాము తమ పేటలో చేయదలచిన పని యేదియో నాలుగేసి నిమిషములలో విన్నవింతురు. సభవారు ఒక్కొక్కరిని నాలుగేసి ప్రశ్నలడుగుదురు. తెరపై బొమ్మలు చూపుటకు గాని, కంప్యూటరు తెచ్చుకొనుటకు గాని వీలులేదు. నోటిమాట యొక్కటియే సాధనము. పిమ్మట భోజనము, భోజనము నడుమ చర్చ, అంతమున ఓటు. ఎవరిపక్షమున ఎక్కువ ఓట్లు పడునో వారికి ఆ రాత్రి ద్వారమువద్ద పోగైన సొమ్మంతయు అప్పటికప్పుడే చేతికిత్తురు.

ఈ విందుకు డెట్రాయిట్ సూప్ అని పేరు. 2010వ సంవత్సరము ఫిబ్రవరిలో, మెక్సికోనుండి వచ్చి స్థిరపడినవారు ఎక్కువగా నుండు పేటలో, ఒక రొట్టెల అంగడిపై మేడలో కొందరు కళాకారులును వారి మిత్రులును దీని నారంభించిరి. ఈ యూహ వారికి పొరుగునుండి వచ్చినదే. అంతకు మూడేండ్లకు ముందే, 2007లో, చికాగోలోని ఇన్‌క్యుబేట్ అను చిన్న కళాబృందమువారు ఆదివారపు సూపు విందులు జరిపి, ఆ రాబడిని కళాకారుల కిచ్చుచుండిరి. డెట్రాయిట్‌లో దీని భారమును పెక్కేండ్లు వహించి, నగరములోని వేర్వేరు పేటలకు దీనిని వ్యాపింపజేసిన ఘనత ఎమీ కహేర్ల్ అను నామెది.

ఈ చిన్నపని ఆ యూరనే యేల అంత గట్టిగా వేరూనినదో గ్రహింపవలెనన్నచో ఆ నగరమునకు పట్టిన దుర్దశను కొంత తెలిసికొనవలసియుండును. 1950లో 18.5 లక్షల జనముతో అమెరికా నగరములలో అయిదవదై, హెన్రీ ఫోర్డ్ మొదలగువారి కర్మాగారములచే లోకమునకంతటికిని మోటారుకార్లను పంచిపెట్టిన డెట్రాయిట్, ఆ కర్మాగారములు ఒకటొకటిగ తరలిపోవుటచేతను, నల్లవారికిని తెల్లవారికిని నడుమ పెరిగిన వైషమ్యముచేతను, కలిగినవారు శివారులకు వలసపోవుటచేతను క్రమముగా క్షీణించి, 2010 జనాభా లెక్కల నాటికి 7.14 లక్షలకు దిగజారినది. 2013 జులైలో ఆ నగరపాలక సంస్థయే అప్పులు తీర్చజాలక దివాలా కోరుచు న్యాయస్థానము నాశ్రయించినది. ఆ దినములలో వీథిదీపములలో నూటికి నలువది వెలుగకుండెను. ప్రభుత్వము చేతులెత్తివేసినచోట, బ్యాంకులు మొగము చాటుచేసినచోట, పెద్దసంస్థల దాతృత్వము దరఖాస్తుల దొంతరలకు లోబడి మెల్లమెల్లగ నడచుచోట, తలకు అయిదు డాలర్లు వేసికొని ఇరుగుపొరుగువారు ఒకరి కలను ఒకరు పోషించుట మొదలుపెట్టిరి.

ఒక రాత్రి పోగగునది కొన్ని వందల డాలర్లు మాత్రమే. మంచి సమ్మర్దము గల రాత్రి అది వేయిని దాటును. అట్లు కూడుచు కూడుచు కొన్నియేండ్లలో లక్ష డాలర్లకు మించిన సొమ్ము ఈ విందులనుండియే చిన్నచిన్న పనులకు చేరినది. పాడుపడిన స్థలమున కూరగాయల తోట వేయుదునన్నవారును, పిల్లలకు పాఠములు చెప్పుదునన్నవారును, గోడపై చిత్రము వ్రాయుదునన్నవారును, పేటకొక పత్రిక నడపుదునన్నవారును ఇచ్చట లేచి మాటాడినవారే. సొమ్ము పొందినవారు పిమ్మట మఱియొక విందునకు వచ్చి, దానితో తామేమి చేసితిమో అందఱియెదుట చెప్పవలెను. వారికి అదియే లెక్కల తనిఖీ. తనకు సూపు గిన్నె అందించిన పొరుగువాని మొగము చూచి అబద్ధమాడుట ఎంతటివానికిని సులభము గాదు గనుక, ఆడిటరు సంతకముకంటె ఈ తనిఖీ తక్కువదని నేననుకొనను.

ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించినది గెలిచినవాని భాగ్యముకంటె ఓడినవాని భాగ్యము. పెద్ద సంస్థకు దరఖాస్తు పెట్టి త్రోసివేయబడినవానికి దక్కునది ఒక యుత్తరము. ఇచ్చట ఓడినవానికి ఆ రాత్రి నిండుగదిలో తన సంకల్పమును విన్నవారు దక్కుదురు. వారిలో నొకరు వచ్చి, నాయొద్ద లారీ యున్నది, శనివారమున వచ్చెదనని చెప్పవచ్చును. మఱొకరు, ఆ స్థలము సొంతదారు నాకు తెలిసినవాడు, మాటాడెదనని చెప్పవచ్చును. సొమ్ము ఒక్కరికే పోయినను, పరిచయము నలుగురికిని పంచుకొనబడును. ఒక యూరికి పెట్టుబడి లేకపోవుట ఒక లోటు. ఆ యూరివారు ఒకరి సంకల్ప మొకరికి తెలియక యుండుట అంతకు మించిన లోటు. చిన్నమొత్తపు దానము ఈ రెండవ లోటునే ముఖ్యముగా తీర్చుచున్నది. నా మాట యంతయు ఇదియే: దాని బలము సొమ్ము చిన్నదగుటయందు గాక, ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకే వీథిలో నివసించుటయం దున్నది.

అయినను ఈ పద్ధతిని వేనోళ్ళ పొగడి యూరకుండుట న్యాయము గాదు. నాలుగు నిమిషములలో సభను మెప్పింపగలవానికిని, పని చక్కగా చేయగలవానికిని ఎల్లప్పుడును పొత్తు కుదురదు. మాట నేర్పరితనము లేని వితంతువు, క్రొత్తగా వలసవచ్చి ఆ యూరి భాష తడబడువాడు, పదిమందిలో నోరు విప్పజాలని చేతిపనివాడు ఇట్టి యోటింగులలో వెనుకబడుదురు. బంధుమిత్రులను వెంట దెచ్చుకొన్నవాడు ఓట్లనుగూడ వెంట దెచ్చుకొనును. అంతకంటె గురుతరమైన దోష మొకటి కలదు. వీథిదీపములు వెలిగించుట ప్రభుత్వము బాధ్యత. సూపు అమ్మి దీపములు వెలిగింపుడని పౌరులకు చెప్పుటకు ఎవ్వరికిని అధికారము లేదు. పన్నులు పుచ్చుకొన్నవారు చేయవలసిన పనిని చందాల చిప్పపై మోపుట దాతృత్వము గాదు, వంచన. చిన్నదానము పాఠశాలకు పైకప్పు వేయనక్కరలేదు. ఆ పైకప్పు క్రింద సాయంకాలమున పిల్లలచేత నాటకమాడింపవచ్చును. ఈ యెల్లను గుర్తెఱిగి నడచినంతవరకే ఈ యుద్యమమునకు గౌరవము.

ప్రభుత్వమే ఇరుగుపొరుగువారితో చేయి కలిపిన యుదాహరణము అమెరికా పడమటికొనను సియాటిల్ నగరమున గలదు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థలలో పనిచేయుచు ఆ నగర పరిసరములలో కాపురమున్న తెలుగు కుటుంబములవారు ఫ్రీమాంట్ పేటకు పోయి, అరోరా వంతెన క్రింద నున్న భూతముతో ఫోటో తీయించుకొనకుండ నుండరు. పదునెనిమిది అడుగుల యెత్తున, ఇనుపకమ్ములపై తీగవల చుట్టి కాంక్రీటు పూసి చేసిన ఆ విగ్రహము, వంతెన క్రిందినుండి అప్పుడే పైకి ప్రాకుచున్నట్లు భుజములవరకే కనబడుచు, ఎడమచేత నిజమైన ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు నొకదానిని నలిపి పట్టుకొనియుండును. జుట్టు ఒక కన్నును కప్పివేయగా, రెండవ కంట కారుచక్రపు మూతయొకటి లోహకాంతితో మెఱయును. దాని చేతులపైకి, తలపైకి పిల్లలెక్కుదురు, ఎవ్వరును వలదనరు. స్కాండినేవియా జానపద కథలలో వంతెనల క్రింద కాపురముండు భూతములకు ఇది ప్రతిరూపము.

1990కి పూర్వము ఆ చోటు చెత్త పారబోయుటకును, మత్తుమందుల బేరములకును నిలయమై, చీకటి పడినపిదప అటు పోవుటకు జనులు వెఱచుచుండిరి. పేటలోని కళాసమితివారు పోటీ ప్రకటించి, వచ్చిన నమూనాలను వీథిజనమునకు చూపి ఓట్లు పుచ్చుకొనగా, స్టీవ్ బడానెస్ అను శిల్పియు అతని సహచరులు మువ్వురును సమర్పించిన భూతము గెలిచినది. దానికి సొమ్ము సమకూర్చిన వనరులలో ముఖ్యమైనది నగరపాలక సంస్థవారు 1988లో ఏర్పఱచిన జతనిధి. ఆ నిధి కట్టుబాటు చిత్రమైనది: నగరము ఎంత యిచ్చునో అంతకు సరిపడ పేటవారును ఇయ్యవలెను, కాని సొమ్ముగానే యియ్యనక్కరలేదు. సిమెంటు బస్తాలుగా నీయవచ్చును, వృత్తినైపుణ్యముగా నీయవచ్చును, చెమటగా నీయవచ్చును. గంట శ్రమకు ఇంతయని వెలకట్టి, దానిని డాలర్లతో సమానముగా లెక్కలో వ్రాసికొందురు. ఆ నిధిని నడపు నగరపాలక శాఖకు తొలి డైరెక్టరుగా పదునాలుగేండ్లు పనిచేసిన జిమ్ డయర్స్ పట్టుదలచే ఈ నిధి పెరిగి, తోటలు, ఆటస్థలములు, గోడచిత్రములు, స్థానిక చరిత్రల సేకరణలు మొదలగు పనులను పెక్కింటిని పోషించినది. పేదపేట తన పేదతనముచేత దానమునకు అనర్హమగుట ఇందులో లేదు. చేతులున్నవా రెల్లరును దాతలే.

ఇది చదువుచున్న పెద్దలకు శ్రమదానమను మాట తప్పక స్ఫురించియుండును. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస ప్రణాళికయందును, 1997 జనవరిలో మొదలైన జన్మభూమి కార్యక్రమమందును ప్రజలవాటా అను నియమము మనకును కలదు. కాని మనచోట తఱచుగ పని యేదియో పైవారు నిశ్చయించి వాటా నడిగిరి. అచ్చట పేటవారు తాము పని నిశ్చయించుకొని నగరమును వాటా యడిగిరి. నా దృష్టిలో వ్యత్యాసమంతయు అందే యున్నది. వంతెన క్రింద భూతమును నిలుపవలెనని యే ప్రణాళికా సంఘము తీర్మానించును?

బోస్టన్ నగరమున 2009లో టిమ్ హ్వాంగ్ అను యువకుడును మఱి తొమ్మండుగురు మిత్రులును కలసి ప్రారంభించిన ఆసమ్ ఫౌండేషన్ పద్ధతి సియాటిల్ జతనిధికంటెను సరళము. పదిమంది ధర్మకర్తలు నెలకు నూరేసి డాలర్లు తమ జేబులనుండి తీసి వేసికొందురు. వేయి డాలర్లు పోగగును. వచ్చిన సంకల్పములలో తమ కందఱకు నచ్చినదాని కొకదానికి ఆ వేయియు ఇచ్చివేయుదురు. తిరిగి చెల్లింపనక్కరలేదు, లాభములో భాగ మడుగరు, పని విఫలమైనను దండింపరు. వారి మొదటి వేయి డాలర్లు ఒక పెద్ద ఉయ్యాలకు పోయినవి. నగర మధ్యమునందలి ఉద్యానమున అనేకులు ఒక్కమారు నడుము వాల్చుటకు అనువైన వలయుయ్యాల అది. దాని ప్రయోజనమేమని యడుగువారు ఉండవచ్చును. ఒకరినొకరు ఎఱుగనివారు నవ్వుచు ప్రక్కప్రక్కన విశ్రమించుట నగరజీవితమున ఎంత దుర్లభమో యోచించినచో ఆ ప్రశ్న వారి నోటనే యాగిపోవును. ఆ పదిమంది పద్ధతి పిమ్మట ఎన్నో దేశముల నగరములకు ప్రాకినది.

ఇట్టి యీవి మనవారికి క్రొత్తది గాదు. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము నడచినది మహారాజుల యగ్రహారములపై గాదు. కొందఱు ధనవంతులు చేయూతనిచ్చిన మాట నిజమే గాని, పల్లెపల్లెన పుస్తకముల బీరువాను నిలిపినది ఇంటింట ప్రోగుచేసిన పిడికెడు బియ్యము, అణా బేడల చందాలు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావుగారి స్వగృహమున, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపుడు, తెలుగు మాటకు ఆదరణ కఱవైన ఆ నగరమున దానికి అండగా నిలిచినది కొలదిమంది మిత్రుల ఉత్సాహమే. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథభాండాగారముల మహాసభ కూడినపుడు, దాని వెనుకనుండి నడిపిన అయ్యంకి వేంకటరమణయ్యగారు, ఊరూర తిరిగి, యువకులను ప్రోగుచేసి, ఉన్న పుస్తకములను ఒకచోట చేర్చి, లేనివానికి చందా లెత్తి, జీవితమంతయు దానికే ధారపోసిరి. చీరాల చెంత వేటపాలెములో 1918లో యువకుల పూనికతో పుట్టిన సారస్వత నికేతనమునకు 1929లో మహాత్మాగాంధియే వచ్చి భవన శంకుస్థాపన గావించెను. నాటి తెలుగు పత్రికల పాతసంచికలను వెదకుకొనుచు పరిశోధకులు ఇప్పటికిని ఆ యూరికి పోవుచున్నారు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పేర్చి, గట్టున గల పల్లెల రేవులలో పడవ నాపుచు, రైతులకును వారి యింటివారికిని చదువుకొన నిచ్చుచుండిరి. పుస్తకమునకై పాఠకుడు నడచిపోవుట లోకరీతి. పాఠకునికై పుస్తకమే నీటిపై నడచివచ్చుట ఆ కాలువ యొడ్డువారి భాగ్యము. ఒక పడవ, కొన్ని పుస్తకములు, చుక్కాని పట్టగల మనిషి యొక్కడు: ఆ మహాకార్యమునకు కావలసిన పరికరము లింతే.

మఱి నేడు? మన దేశమున దాతృత్వపు సొమ్ము మునుపెన్నడును లేనంత కలదు. 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, 500 కోట్ల నికర విలువ గాని, 1000 కోట్ల వ్యాపారము గాని, 5 కోట్ల నికరలాభము గాని కలిగిన కంపెనీలు తమ లాభముల సగటులో నూటికి రెండు వంతులు సమాజసేవకు వెచ్చింపవలెను. కాని ఆ సొమ్మును పుచ్చుకొని పనిచేయదలచిన స్వచ్ఛంద సంస్థకు ఆదాయపు పన్ను రాయితీకి సంబంధించిన 12ఎ, 80జి రిజిస్ట్రేషనులు ఉండవలెను. మూడేండ్ల పని అనుభవము చూపవలెను. 2021 ఏప్రిల్ నుండి సీఎస్ఆర్-1 అను ఫారము దాఖలుచేసి సంఖ్య పొందవలెను. దొంగసంస్థలను అరికట్టుటకు ఈ కట్టుబాట్లు అవసరమే కావచ్చును. కాని వీథిలో నాటకమాడదలచిన అయిదుగురు యువకులు, ఊరి వృద్ధులనుండి దంపుడు పాటలు రికార్డు చేయదలచిన టీచరమ్మ, పాడుబడిన దిగుడుబావిలో పూడిక తీయదలచిన కుఱ్ఱకారు ఆ వాకిటివఱకైనను పోజాలరు. విదేశమునుండి సొమ్ము పంపుటయు అంత సుగమము గాదు. డెట్రాయిట్ శివారులైన నోవై, ట్రాయ్, కాంటన్ ఊళ్ళలో కార్ల కంపెనీల ఇంజనీర్లుగా స్థిరపడిన మనవారిలో అమెరికా పౌరసత్వము పుచ్చుకొన్నవారు స్వగ్రామమందలి యువజన సంఘమునకు సొమ్ము పంపదలచినచో, అది విదేశీ విరాళమగును. ఆ సంఘమునకు విదేశీ విరాళముల నియంత్రణ చట్టము క్రింద అనుమతి యుండవలెను. భారత పౌరసత్వమును నిలుపుకొన్న ప్రవాసి తన స్వార్జితమును బ్యాంకుద్వారా పంపినచో ఈ చిక్కు లేదు. తెలియక చిక్కులలో పడిన మంచివారు పలువురుందురు గనుక ఈ సంగతి యిచ్చట చెప్పితిని.

కళలకు దేశీయముగా ధనసహాయము చేయు స్వతంత్ర సంస్థలును కొన్ని కలవు. 1993లో బెంగుళూరున ఏర్పడి, 1995 నుండి పరిశోధనకును కళాసృష్టికిని గ్రాంటులిచ్చుచున్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వానిలో మేటి. అయినను దేశమంతటికి అట్టి సంస్థలు చాలవు. చాలినను, అవి మన వీథిలోని సంకల్పమును మనవలె చూడజాలవు.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరము చెంత నిమ్మలకుంటను ఊహించుకొనుడు. అచ్చటి తోలుబొమ్మల కళాకారులు మేకతోలును శుద్ధిచేసి, వెలుతురు దూరునంత పలుచగా లాగి యెండబెట్టి, చిన్నచిన్న ఉలులతో నగల మెఱుపులకు రంధ్రములు పొడిచి, ఎఱుపు, పసుపు, నలుపు రంగులద్ది, సీతారాములను, రావణుని నిలువెత్తున నిలుపుదురు. తెల్లని తెర వెనుక దీపము వెలిగి, హార్మోనియము శ్రుతి పలుక, మృదంగము మ్రోగ, హాస్యపాత్రలైన జుట్టుపోలిగాడును బంగారక్కయు రంగమెక్కినచో ముసలివారును పసివారును ఒక్కటిగ నవ్వుదురు. నేడు ఆ చేతులే బ్రతుకుదెఱువు కొఱకు తోలు దీపపుగూళ్ళు చేసి పట్టణపు అంగళ్ళకు పంపుచున్నవి. అది తప్పు గాదు, ఆకలికి అది కావలెను. కాని ఆటయే లేనినాడు బొమ్మ గోడకు వ్రేలాడు అలంకారమగును. ఒక పల్లె బడిలో ఒక రాత్రి రామాయణమాడించుటకు, పిల్లలను తెర వెనుకకు దీసికొనిపోయి బొమ్మ కీళ్ళు కదలింపజేయుటకు కోట్లు కావలెనా? పదిమంది తలకు వేయి రూపాయలు వేసికొన్నచో ఆ పనికి బలమైన పునాది పడును.

వేయి రూపాయలు నేడు మధ్యతరగతి కుటుంబమునకు ఒక సినిమా ఖర్చు. తెనాలిలోనో, సిద్దిపేటలోనో, కర్నూలులోనో పదిమంది మిత్రులు నెలకొక్కమారు ఒక యింట కూడి, పులిహోర తినుచు, వచ్చిన మూడు నాలుగు సంకల్పములను వినవచ్చును. వ్రాయలేనివాడు నోట చెప్పవచ్చును. చెప్పజాలనివాని తరఫున మఱొకరు చెప్పవచ్చును. డెట్రాయిట్‌వారి ఓటుకంటె ఈ విషయమున మనము కొంచెము జాగరూకులము కావలెను: చక్కగా మాటాడినవానికి గాక, చేతిపని చూపినవానికి ఓటు వేయవలెను, ప్రతి నాలుగవ మాసమైనను స్త్రీలనుండియు, మన గుంపునకు వెలుపలి కులములవారినుండియు వచ్చిన సంకల్పమునకే ఆ సొమ్ము కేటాయింపవలెను. లేనిచో పదిమంది మిత్రులును తమ మిత్రులకే ఇచ్చుకొని తృప్తిపడుదురు. రాజకీయ నాయకుని ఫ్లెక్సీ కట్టి సొమ్ము నడుగువానికి ఇయ్యరాదు. దాతల పేర్లు శిలాఫలకమున చెక్కింపరాదు. ఇచ్చిన సొమ్మునకు రసీదుల గుట్ట నడుగక, మూడుమాసముల పిమ్మట ఆ పనియొద్దకే పోయి కన్నులార చూడవలెను. ఒక వ్యక్తికి బంధువులు గానివా రిచ్చిన బహుమతుల మొత్తము సంవత్సరములో 50,000 రూపాయలు మించనంతవరకు దానిపై ఆదాయపు పన్ను లేదు గనుక, పదివేల సహాయము పొందినవానికి ఆ చిక్కును లేదు.

పని విఫలమైనచో? కొన్ని విఫలమగును, నాటిన మొక్కలలో కొన్ని ఎండును, ఆడదలచిన నాటకము ఆగిపోవును. పదివేలతో పదిమంది నమ్మిరన్న ధైర్యము మాత్రము ఆ యువకునియం దుండిపోయి, మఱియొక యేడు అతడు మరల లేచును. కోట్ల ప్రణాళిక కూలినచో ఊరు కోలుకొనుటకు దశాబ్దములు పట్టును. ఇచ్చటి నష్టము ఒక నెల చందా.

ఈ కథనము చదివినవారిని నేను వేడుకొనునది యొక్కటే. వచ్చు ఆదివారము మీ వీథిలో నమ్మదగిన తొమ్మండుగురిని పిలువుడు. తలకు వేయి చొప్పున సొమ్ము అక్కడనే బల్లపై పెట్టుడు. సంఘమునకు పేరు పెట్టుట, నియమావళి వ్రాయుట, అధ్యక్షుని ఎన్నుకొనుట తరువాతి మాట. మొదటి పదివేలు ఎవరికో, ఏ పనికో ఆనాడే నిశ్చయించి ఇచ్చివేయుడు.